వంద డాలర్ల జరిమానా, 490 డాలర్ల బిల్లు

అమెరికాలో కోర్టు మెట్లెక్కిన ముద్దాయికి ఖర్చు రెండు దారుల్లో తగులుతుంది. చేసిన తప్పుకి శిక్షగా వేసేది జరిమానా. ఆ తప్పుని విచారించడానికైన ఖర్చు పేరున లాగేది ఫీజు. కోర్టు గుమస్తా ఫీజు, జైల్లో పేరు రాసుకున్నందుకు ఫీజు, కాలికి తొడిగిన జీపీఎస్ పట్టీకి రోజువారీ ఫీజు, తన మీద కన్నేసి ఉంచే ప్రొబేషన్ అధికారి పేరున నెలనెలా ఫీజు. జరిమానాకి చట్టంలో పైహద్దు రాసి ఉంటుంది. ఫీజులకి అలాంటి బెంగ లేదు. ఏ పద్దులో లోటు కనపడితే ఆ పద్దు పేరున ఒకటి పుట్టుకొస్తుంది. పదేళ్లుగా అక్కడి రాష్ట్రాలు ఒక్కొక్కటీ ఈ గందరగోళాన్ని సర్దడానికి చట్టాలు చేసుకుంటూ వస్తున్నాయి. వాటి వెనకున్న సంగతులు కొన్ని ఇక్కడ. చదివేటప్పుడు ఒక్కటి గమనిస్తూ ఉండండి: ఆ డాలరు చివరికి ఎవరి పద్దులో జమవుతోంది?

హెలికాప్టరుకి నాలుగు, రాత్రి కోర్టుకి ఒకటి

2015 ప్రాంతంలో కాలిఫోర్నియాలో వంద డాలర్ల ట్రాఫిక్ జరిమానా పడితే కట్టాల్సింది 490. నమ్మకం కుదరకపోతే బిల్లు విప్పి చూద్దాం. అసలు జరిమానా 100. దాని మీద రాష్ట్రం వడ్డించేది మరో 100. కౌంటీకి (మన జిల్లా లాంటిది) 70. కోర్టు భవనాలు కట్టడానికి 50. డీఎన్ఏ నమూనాల నిధికి 50. కోర్టు నిర్వహణకి 40. నేరం రుజువైనందుకు 35. రాష్ట్ర సర్‌చార్జి 20. అత్యవసర వైద్య నిధికి 20. క్షతగాత్రుల్ని హెలికాప్టర్లలో ఆస్పత్రికి చేర్చే నిధికి 4. రాత్రిపూట నడిచే కోర్టులకి 1. కూడితే సరిగ్గా 490. సిగ్నల్ దాటినవాడికీ డీఎన్ఏకీ ఏమిటి సంబంధం అంటే, ఏమీ లేదు. ఆ నిధికి డబ్బు కావాలి, దొరికినవాడు వీడు.

గడువు దాటిందా, ఇంకో 300 డాలర్ల దెబ్బ, పైన చిల్లర. మొత్తం 815. ఆపైన డ్రైవింగ్ లైసెన్సు కూడా ఆపేసేవాళ్లు. ట్రాఫిక్ జరిమానా కట్టలేదని లైసెన్సు ఆపడం 2017లో మానేశారు. ఆ 300ని 2022లో 100కి దించారు.

తప్పుగా నిలిపిన కారు, ఏడేళ్ల అప్పు

ఈ సంస్కరణల చర్చ ఇంటింటికీ పాకింది ఫెర్గూసన్ వల్ల. మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నగర శివార్లలో ఉన్న చిన్న ఊరది, జనాభా 21 వేలు. 2014 ఆగస్టు 9న అక్కడ మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. వీధులు భగ్గుమన్నాయి. కేంద్ర న్యాయశాఖ దర్యాప్తుకి దిగి, 2015 మార్చిలో నివేదిక బయటపెట్టింది. అందులో తుపాకీ కంటే ఎక్కువగా కనపడింది చలానా పుస్తకం.

2014 డిసెంబరు నాటికి ఆ ఊరి మునిసిపల్ కోర్టు ఇచ్చిన అరెస్టు వారంట్లు 16 వేల మందికి పైగా మనుషుల మీద పెండింగులో ఉన్నాయి. వాళ్లంతా ఆ ఊరివాళ్లే కాకపోవచ్చు, అయినా 21 వేల జనాభాతో పోల్చి చూస్తే ఆ అంకె ఎంతదో తెలుస్తుంది. పెరట్లో గడ్డి ఏపుగా పెరిగినందుకు కేసు. రోడ్డు మీద నడిచిన తీరు బాగాలేదని కేసు. 2015 ఆర్థిక సంవత్సరానికి ఆ ఊరి జనరల్ ఫండ్ 1 కోటి 32 లక్షల డాలర్ల చిల్లరైతే, అందులో దాదాపు 31 లక్షలు జరిమానాల మీదా ఫీజుల మీదా వస్తాయని బడ్జెట్లో ముందే రాసుకున్నారు. నేరాలు జరగకముందే వాటి మీద ఆదాయం లెక్కకట్టారన్నమాట. టికెట్లు గట్టిగా రాయకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెరగడం కష్టమని ఊరి ఆర్థికాధికారి 2010లో పోలీసు చీఫ్‌కి రాసిన లేఖ కూడా దర్యాప్తులో దొరికింది.

ఆ నివేదికలోనే ఒకావిడ కథ ఉంది. 2007లో కారు ఒకచోట తప్పుగా నిలిపింది. రెండు టికెట్లు, 151 డాలర్లు, పైన ఫీజులు. ఆవిడకి అప్పుడు నిలకడైన ఇల్లు కూడా లేదు. వాయిదాలు తప్పాయి. వాయిదా తప్పినప్పుడల్లా కొత్త కేసు, కొత్త ఫీజు, కొత్త వారంటు. మూడేళ్లలో అలాంటివి ఏడు. రెండుసార్లు అరెస్టయి ఆరు రోజులు జైల్లో ఉంది. మధ్యలో ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు కట్టబోతే, కడితే మొత్తం కట్టు అని కోర్టు తిప్పి పంపింది. చచ్చీ చెడీ 550 డాలర్లు కట్టింది. 2014 డిసెంబరులో లెక్క చూస్తే బాకీ ఇంకా 541.

అడగాల్సిన ప్రశ్న అడగకపోవడం

కట్టే స్తోమత లేని మనిషిని, కట్టలేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. అది బేర్డెన్ వర్సెస్ జార్జియా కేసు. జరిమానా, నష్టపరిహారం కలిపి 750 డాలర్లు కట్టాల్సిన ముద్దాయి, అమ్మానాన్నల దగ్గర తెచ్చి 200 కట్టాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మిగతాది కట్టలేకపోతే జైలుకి పంపారు. అలా పంపేముందు, ఉండీ ఎగ్గొట్టాడా, లేక కట్టలేకపోయాడా అని జడ్జి విచారించి తీరాలని జస్టిస్ శాండ్రా డే ఓకానర్ తీర్పు రాశారు.

తీర్పు బాగానే ఉంది. దాన్ని పట్టించుకున్న కింది కోర్టులే తక్కువ. మునిసిపల్ కోర్టులో ఒక్క పూటలో వందల కేసులు నడిచేచోట జీతమెంత, పిల్లలెందరు అని అడిగే ఓపిక ఎవరికుంటుంది? అందుకే సుప్రీంకోర్టు చెప్పిన ముప్పైనాలుగేళ్లకి, 2017లో, టెక్సాస్ ఆ ప్రశ్ననే చట్టంలో రాయాల్సి వచ్చింది. శిక్ష వేసే పూటే ముద్దాయి స్తోమత ఏమిటో జడ్జి అడగాలి. స్తోమత లేకపోతే వాయిదాలివ్వాలి, సామాజిక సేవ చేయించుకోవాలి, అవసరమైతే మాఫీ చెయ్యాలి.

దివాలా తీసిన ఊరు

ఫెర్గూసన్ ఉన్న మిస్సోరీలోనే మాక్స్ క్రీక్ అని హైవే పక్కన ఓ పల్లె. మూడొందల మంది కూడా ఉండరు. వచ్చేపోయే కార్లని వేగం పేరున ఆపి చలానాలు రాయడమే ఆ ఊరికి జీవనాధారమైపోయింది. గొడవ రాజధాని దాకా వెళ్లి, 1995లో చట్టసభ ఒక హద్దు గీసింది: ఊరి ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటా 45 శాతం దాటకూడదు, దాటిన సొమ్ము రాష్ట్రానికి అప్పగించాలి. ఆ చట్టానికి జనం మాక్స్ క్రీక్ చట్టం అనే పేరు పెట్టేశారు. చలానాలు తగ్గాయి, ఊరు దివాలా తీసింది. 2012లో ఊళ్లోవాళ్లు ఓటేసి తమ మునిసిపాలిటీనే రద్దు చేసుకున్నారు.

ఆ 45 శాతం తర్వాత 35 అయింది, 30 అయింది. ఫెర్గూసన్ అల్లర్ల తర్వాతి సంవత్సరం, 2015లో, సెనేట్ బిల్లు 5 దాన్ని 20కి దించింది. బిల్లు పెట్టిన ఎరిక్ ష్మిట్ రిపబ్లికన్, సంతకం చేసిన గవర్నరు జే నిక్సన్ డెమొక్రాట్. చిన్నాచితకా ట్రాఫిక్ కేసుల్లో జరిమానా, ఖర్చులు కలిపి 300 డాలర్లు మించకూడదని కూడా అందులో రాశారు. మరుసటేడు అది 225 అయింది. ఫెర్గూసన్ ఉన్న సెయింట్ లూయిస్ కౌంటీకి మాత్రం 20 కాదు, పన్నెండున్నర శాతమే అన్నారు. అక్కడి ఊళ్లు కోర్టుకెక్కాయి. ఒక్క కౌంటీకి వేరే రూలేమిటని రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో ఆ ముక్క కొట్టేసింది. ఇప్పుడందరికీ ఇరవయ్యే.

ఓడితేనే వకీలుకి జీతం

వకీలుని పెట్టుకోలేని ముద్దాయికి ప్రభుత్వమే వకీలునివ్వాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఇవ్వడమైతే ఇచ్చారు గానీ, తర్వాత బిల్లు పంపరాదని ఎవరూ అనలేదుగా! ఎన్‌పీఆర్ రేడియో 2014లో వాకబు చేస్తే, 43 రాష్ట్రాల్లో ఆ ‘ఉచిత’ వకీలు పేరున ముద్దాయి దగ్గర ఎంతో కొంత వసూలు చెయ్యవచ్చని తేలింది. కాలిఫోర్నియా 2020 చట్టంతో ఆ వసూలు ఎత్తేసింది.

లూసియానాది ఇంకో వింత. అక్కడ ప్రభుత్వ వకీళ్ల కార్యాలయాలకి వచ్చే డబ్బులో పెద్ద భాగం, నేరం రుజువైన ప్రతి కేసు మీదా వేసే 45 డాలర్ల ఫీజు. ట్రాఫిక్ టికెట్లూ అందులోనే. ముద్దాయి నిర్దోషిగా బయటపడితే ఆ 45 రాదు. అంటే తన కక్షిదారు గెలిస్తే ఆఫీసుకి నష్టం, ఓడితే లాభం. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ని ముంచేసింది. ఊళ్లో కార్లు లేవు, టికెట్లు లేవు, వాటితోపాటు ప్రభుత్వ వకీళ్లకి జీతాలూ లేవు. చాలామందిని ఇంటికి పంపేశారు. జైళ్లలో ఉన్నవాళ్లు తమ తరఫున మాట్లాడే మనిషి లేక నెలల తరబడి పడి ఉన్నారు.

కొడుకు జైలుకి తల్లి బిల్లు

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని బాలనేరస్తుల గృహంలో పెడితే, తిండికీ బట్టకీ పడకకీ రోజుకింతని లెక్కగట్టి తల్లిదండ్రులకి బిల్లు పంపే పద్ధతి అమెరికాలో చాలాచోట్ల ఉండేది. దక్షిణ కాలిఫోర్నియాలో ఒక తల్లికి కొడుకు నిర్బంధం తాలూకు బిల్లు 16 వేల డాలర్ల పైచిలుకు వచ్చింది. ఆవిడ ఇల్లమ్మి 9,500 దాకా కట్టింది. కౌంటీ మిగతా బాకీ వదల్లేదు. చివరికి ఆవిడ దివాలా పిటిషను వేసింది. దివాలా తీసినా సరే ఇది పిల్లల పోషణ ఖర్చు కిందికే వస్తుంది కాబట్టి మాఫీ కుదరదని కౌంటీ వాదన. 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది, కౌంటీ తీరుని కడిగేసింది కూడా.

మరుసటి సంవత్సరమే కాలిఫోర్నియా సెనేట్ బిల్లు 190 చేసింది. 2018 జనవరి 1 నుంచి బాలనేరస్తుల కుటుంబాల మీద కొత్తగా ఈ ఫీజులు వెయ్యకూడదు. పాత బాకీల సంగతి అందులో లేదు. కొన్ని కౌంటీలు తమంతట తాము మాఫీ చేశాయి, కొన్ని చివరిదాకా వసూలు చేస్తూనే ఉన్నాయి. అవి కూడా చెల్లవని చెప్పడానికి 2020లో ఇంకో చట్టం కావాల్సి వచ్చింది.

నూటికి రూపాయి వడ్డీ

వాషింగ్టన్ రాష్ట్రం అంటే సియాటిల్, రెడ్‌మండ్. మన సాఫ్ట్‌వేర్ పిల్లలకి బాగా తెలిసిన చోటు. అక్కడ కోర్టు బాకీల మీద 2018 దాకా ఏడాదికి 12 శాతం వడ్డీ పడేది. మన లెక్కలో నూటికి నెలకి రూపాయి. జైల్లో ఉన్నన్నాళ్లూ కూడా వడ్డీ నడుస్తూనే ఉండేది. నెలనెలా 25 డాలర్లు తప్పకుండా కట్టుకుంటూ పోయిన మనిషి కూడా, సగటున చూస్తే, పదేళ్ల తర్వాత మొదటికంటే ఎక్కువే బాకీ ఉంటాడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే 2015లో బ్లేజినా కేసు తీర్పులో రాసింది. ఇలాంటి అప్పు మన ఊళ్లో వడ్డీ వ్యాపారి ఇస్తే ఏమంటామో, అక్కడ ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి న్యాయం అన్నారు. 2018లో చట్టం మార్చి, బాధితులకివ్వాల్సిన నష్టపరిహారం తప్ప మిగతా బాకీల మీద వడ్డీ ఎత్తేశారు.

డాలరు రాబట్టడానికి డాలరు పదిహేడు సెంట్లు

ఫీజులు ఎత్తేద్దామన్నప్పుడల్లా ఖజానా ఏమైపోవాలన్న ప్రశ్న వస్తుంది. న్యూయార్క్‌లోని బ్రెనన్ సెంటర్ అనే పరిశోధనా సంస్థ 2019లో ఆ ఖజానా లెక్కే తీసింది. టెక్సాస్, ఫ్లోరిడా, న్యూమెక్సికోలలో పది కౌంటీలు చూశారు. వారంటు అమలు చేసే పోలీసు జీతం, కట్టనివాణ్ని ఉంచిన జైలు ఖర్చు, కోర్టు సమయం, అన్నీ వసూలు ఖర్చు కింద వేశారు. న్యూమెక్సికోలో అల్బకర్కీ నగరం ఉన్న బెర్నలీయో కౌంటీలో ఒక్క డాలరు రాబట్టడానికి కనీసం డాలరు పదిహేడు సెంట్లు ఖర్చవుతోందని తేలింది. కేంద్ర ఆదాయపన్ను శాఖకి ఆ డాలరు వసూలుకయ్యే ఖర్చు అర సెంటు కూడా కాదు.

కొండను తవ్వి ఎలకని పట్టారని ఊరుకోవచ్చు గానీ, ఇక్కడ తవ్వకం కూలి ఒకరిది, ఎలక ఇంకొకరిది. జైలు ఖర్చు కౌంటీ పద్దులో పడుతుంది, వసూలైన ఫీజు వేరే నిధిలో చేరుతుంది. అందుకే ఎవరికీ నష్టం కనపడదు. 2023లో న్యూమెక్సికో, తీర్పు తర్వాత ముద్దాయిల మీద వేసే కోర్టు ఫీజుల్ని ఎత్తేస్తూ చట్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలైంది. జరిమానాలున్నాయి, ఫీజులు పోయాయి.

వచ్చేది లేదని తెలిసిన బాకీ

శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రొబేషన్ మీద, అంటే జైలుకి బదులు అధికారి నిఘాలో, ఉన్న మనిషికి నెలకి 50 డాలర్ల ఫీజు ఉండేది. మూడేళ్ల ప్రొబేషనంటే 1,800. అందులో పదోవంతు కూడా వసూలయ్యేది కాదు. 2018లో స్థానిక ఫీజులన్నీ ఎత్తేసి, 21 వేల మంది పేరునున్న 3 కోట్ల 27 లక్షల డాలర్ల బాకీ కొట్టేశారు. దేశంలో ఆ పని చేసిన మొదటి కౌంటీ అదే. దాని వెనకే రాష్ట్రం నడిచింది. 2020లో అసెంబ్లీ బిల్లు 1869తో 23 రకాల ఫీజులు రద్దు చేసింది, 2021లో ఇంకో 17. మొదటి బిల్లుతో చెల్లిపోయిన పాత బాకీ అంచనా 1,600 కోట్ల డాలర్లు. వినడానికి గుండె ఆగే అంకే. ఎన్నటికీ చేతికి రాని డబ్బుని పుస్తకాల్లో మోసుకుంటూ తిరిగారు, దించేశారు.

రక్తమిస్తే సరి

2015 సెప్టెంబరు, అలబామాలో మేరియన్ అనే ఊరు. కోర్టు బాకీలున్న వందల మందిని ఒకే పూట పిలిపించారు. జడ్జి బెంచి మీద నుంచి చెప్పిన మాటల సారం: బయట రక్తదాన శిబిరం ఉంది, డబ్బు లేనివాళ్లు వెళ్లి రక్తమిచ్చి రసీదు తెండి, మీకు కాస్త ఊరటనిస్తాను, అదీ వద్దంటే షెరిఫ్ దగ్గర బేడీలకి కొదవ లేదు. ఎవరో రికార్డు చేశారు, పత్రికలకెక్కింది. 2016 జనవరిలో ఆ జడ్జికి అభిశంసన పడింది. పదవి మాత్రం పోలేదు.

ఓటుకి ముందు బాకీ

సంస్కరణలన్నీ ఒకే దిక్కుకి నడవలేదు. ఫ్లోరిడాలో శిక్ష పూర్తి చేసుకున్న పాత నేరస్తులకి ఓటు హక్కు తిరిగివ్వాలని 2018 నవంబరులో ప్రజలే ఓటేశారు, దాదాపు 65 శాతం మెజారిటీతో. పద్నాలుగు లక్షల మందికి ఓటు వస్తుందన్నారు. మరుసటేడు చట్టసభ ఒక వివరణ చట్టం తెచ్చింది: శిక్ష పూర్తవడమంటే జరిమానాలు, ఫీజులు, పరిహారాలు అణాపైసలతో తీరడం. ఇంతకీ ఎవరెంత బాకీ ఉన్నారో ఒక్కచోట చూసుకునే లెక్క రాష్ట్రం దగ్గరే లేదు. కౌంటీ కౌంటీకి ఒక పుస్తకం, పాత కేసులైతే అదీ లేదు. ఓటుకి డబ్బు ముడిపెట్టే పద్ధతంటూ కింది ఫెడరల్ జడ్జి చట్టాన్ని తప్పుపట్టారు. 2020 సెప్టెంబరులో, అధ్యక్ష ఎన్నికలకి రెండు నెలల ముందు, అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసి చట్టాన్ని నిలబెట్టింది.

మేయరు జేబులో పన్నెండు డాలర్లు

ఇది పాతకాలపు ముచ్చట. మద్యనిషేధం రోజుల్లో ఒహాయోలోని నార్త్ కాలేజ్ హిల్ అనే పల్లెలో మేయరే జడ్జి. సారా దొరికినవాణ్ని విచారించి వంద డాలర్ల జరిమానా వేశాడు. తప్పని తేలిస్తే మేయరుకి సొంతానికి 12 డాలర్లు ముట్టేది, తప్పు లేదంటే సున్నా. జరిమానాలో సగం ఊరికి. 1927లో ఆ కేసు సుప్రీంకోర్టు ముందుకొస్తే, మాజీ అధ్యక్షుడు కూడా అయిన ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్, ఇలాంటి విచారణ చెల్లదని తేల్చేశారు. ఆ తీర్పు ఇప్పటికీ చెల్లుతోంది. 12 డాలర్లు జేబులో వేసుకునే మేయర్లు పోయారు, కోర్టు ఫీజుల మీద కోర్టు సిబ్బంది జీతాలు నడిచే ఊళ్లు మిగిలాయి.

ఎడ్లని వదిలెయ్యండి

జరిమానా మనిషి బతుకుతెరువుని లాక్కునేలా ఉండకూడదన్న మాట 1215 నాటి మాగ్నా కార్టాలోనే ఉంది. వర్తకుడికి జరిమానా వేస్తే సరుకు వదలాలి, రైతుకి వేస్తే సేద్యపు సామగ్రి వదలాలి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరిలో, జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అదే పత్రాన్ని గుర్తుచేస్తూ తీర్పు రాశారు. ఇండియానాలో మాదకద్రవ్యాల కేసులో ఒకతని 42 వేల డాలర్ల ల్యాండ్ రోవర్ కారుని పోలీసులు పట్టుకుపోయారు. ఆ నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా 10 వేలు. మితిమీరిన జరిమానాలు వెయ్యరాదన్న రాజ్యాంగ నిబంధన కేంద్రానికే కాదు, రాష్ట్రాలకీ వర్తిస్తుందని తొమ్మిదిమందీ ఏకమై చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పడానికి అంతకాలం పట్టడమే నాకు విడ్డూరం.

సంపాదనని బట్టి చలానా

ఫిన్లాండ్‌లో 1921 నుంచీ జరిమానా మనిషి రోజు సంపాదన మీద లెక్క. 2023లో 50 కిలోమీటర్ల హద్దున్నచోట 82లో పోయిన ఓ సంపన్న వ్యాపారికి 1 లక్షా 21 వేల యూరోల చలానా పడింది. అమెరికాలో దీన్ని మొదటిసారి ప్రయత్నించింది న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలండ్, 1988లో. వసూళ్లు బాగానే జరిగాయి. అయినా దేశంలో వేళ్లూనలేదు.

వేగాస్ వెళ్లొచ్చిన టికెట్

హైదరాబాద్‌లో బండి చలానాలు పేరుకుపోయినా మనకి పెద్ద దిగులుండదు, ఎప్పటికో ఒకప్పటికి రాయితీ ప్రకటిస్తారని ధీమా. 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు బైకులకి నాలుగోవంతు కడితే చాలన్నారు, కార్లకి సగం. ఆ అలవాటుతో అమెరికా వెళ్లిన మనవాళ్లకి నెవాడా గట్టి పాఠమే చెప్పగలిగేది. లాస్ వేగాస్ ఉన్న ఆ రాష్ట్రంలో 2022 చివరిదాకా వేగం టికెట్ కూడా క్రిమినల్ కేసే. కట్టకుండా ఇంకో రాష్ట్రానికి వచ్చేస్తే వెనక వారంటు పుట్టేది. ఏడాది తర్వాత మళ్లీ అటు షికారుకెళ్లి ఎక్కడో కారు ఆపితే అరెస్టే. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న గడి ఉంటుందని హెచ్1బీ వాళ్లకి చెప్పక్కర్లేదు. అసెంబ్లీ బిల్లు 116 వల్ల 2023 జనవరి 1 నుంచి అక్కడ చిన్న ట్రాఫిక్ తప్పులు సివిల్ వ్యవహారాలయ్యాయి. తాగి నడపడం, ప్రమాదకరంగా నడపడం మాత్రం నేరాలుగానే ఉన్నాయి.

రోజుకి 249, ఫోన్ కాల్ ఉచితం

కనెక్టికట్‌లో ఖైదీకి జైలు అద్దె రోజుకి 249 డాలర్ల లెక్కన రాసుకునేవారు. ఓ మోస్తరు హోటలు గది కంటే ఎక్కువ. బయటికొచ్చాక తల్లో తండ్రో పోయి ఆస్తి వస్తే అప్పుడు రాష్ట్రం చెయ్యి చాచేది. 2022లో ఆ పద్ధతిని తీవ్ర నేరాలకే పరిమితం చేసి, వచ్చిన ఆస్తిలో మొదటి 50 వేల జోలికి పోమన్నారు. విచిత్రమేమిటంటే, ఖైదీలు ఇంటికి చేసే ఫోన్లని దేశంలో మొట్టమొదట ఉచితం చేసిన రాష్ట్రమూ ఇదే, 2021లో.

లైసెన్సు లేని ఉద్యోగం

పట్టణం దాటితే బస్సు కనపడని దేశంలో లైసెన్సు ఆపేస్తే కొలువు పోయినట్టే. కొలువు పోతే బాకీ తీరదు. బాకీ తీరకపోతే లైసెన్సు రాదు. ఈ గానుగ చుట్టూ తిరిగినవాళ్లు ఒక్క వర్జీనియాలోనే ఆరు లక్షల మందికి పైగా. 2019లో గవర్నరు రాల్ఫ్ నార్తమ్ బడ్జెట్ సవరణ ద్వారా దాన్ని ఆపించారు. 2020 చివరి రోజున న్యూయార్క్ గవర్నరు అలాంటి చట్టం మీదే సంతకం పెట్టారు.

అన్నిటికంటే మొండికేసింది టెక్సాస్. 2003లో అక్కడ డ్రైవర్ రెస్పాన్సిబిలిటీ ప్రోగ్రామ్ అని ఒకటి పెట్టారు. టికెట్‌కి కట్టే జరిమానా ఎటూ ఉంది, దాని పైన మూడేళ్లపాటు ఏటా సర్‌చార్జి. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే ఏటా 250, తాగి నడిపితే ఏటా వెయ్యికి తక్కువ కాకుండా. కట్టకపోతే లైసెన్సు గోవిందా. పది లక్షలకు పైగా జనం అలా లైసెన్సు పోగొట్టుకున్నారు. పోయినా చాలామంది నడపక తప్పలేదు, మళ్లీ పట్టుబడితే మళ్లీ సర్‌చార్జి. ఇది పనిచెయ్యదని రెండు పార్టీల వాళ్లూ ఒప్పుకున్నారు. బిల్లు పెట్టడం, అది పడిపోవడం ప్రతి సమావేశంలోనూ జరిగేది.

కారణం ఆస్పత్రులు. ఆ సర్‌చార్జి సొమ్ములో ఒక వాటా ప్రమాద బాధితులకి వైద్యం చేసే ట్రామా ఆస్పత్రులకి పోయేది. సర్‌చార్జి ఎత్తేస్తే ఎమర్జెన్సీ వార్డుల గతేమిటంటే ఏ శాసనసభ్యుడికీ నోరు పెగిలేది కాదు. పదహారేళ్ల తర్వాత 2019లో హౌస్ బిల్లు 2048 నెగ్గింది. సెప్టెంబరు 1న ఆ కార్యక్రమం రద్దయింది, పాత సర్‌చార్జి బాకీలు మాఫీ అయ్యాయి, వాటి మూలంగా ఆగిన లైసెన్సులకి దారి దొరికింది. ఆస్పత్రుల లోటు పూడ్చడానికి అదే బిల్లులో ఇంకో రెండు అంకెలు మార్చారు: కార్ల ఇన్సూరెన్సు మీద వేసే ఫీజు 2 డాలర్ల నుంచి 4, ప్రతి ట్రాఫిక్ టికెట్ మీదా రాష్ట్రం వేసే జరిమానా 30 నుంచి 50.